బురుల్ అక్క మొదటి లెక్క

మా ఆఫీసులో గాలి లెక్కలన్నీ బురుల్ అక్కవే. మా బిష్కెక్ నగరంలో ఇరవై ఆరేళ్లు ఆవిడ చేసిన పని ఒక్కటే: కట్టబోయే భవనంలో గాలి గొట్టాలు ఎటు పోవాలో గీయడం, ఆ గాలిని తొయ్యడానికి ఎంత ఫ్యాన్ కావాలో తేల్చడం. ఉక్క పోసేదాకా ఎవరికీ గుర్తురాని పని. ప్రతి ఉద్యోగికీ చేరిక నుంచి తొలగింపు దాకా ఆఫీసువాళ్లు రాసే పని పుస్తకం ఉంటుంది మాకు; ఆవిడదాంట్లో ఒక్క చెడ్డ మాట లేదు. దాన్ని గుడ్డలో చుట్టి దాచుకునేది.

కంప్యూటరు వచ్చాక ఆ పని ఆవిడకు తప్ప అందరికీ సులువైంది. గొట్టం మలుపు తిరిగిన ప్రతిచోటా అది ఏ రకం మలుపో మనమే చెప్పాలి. గుండ్రంగా తిరిగితే గాలి ఒత్తిడి కాస్తే తగ్గుతుంది, మూలగా తిరిగితే బాగా తగ్గుతుంది. చెప్పకుండా వదిలేస్తే అక్కడ నష్టమే లేదనుకుని కంప్యూటరు కిమ్మనదు. మేం అన్నిటికీ ఒకేసారి 'గుండ్రం' అని కొట్టేసి టీకి పోయేవాళ్లం. ఆవిడ బస్సెక్కి రేకుల పనివాడు సాదిర్ కొట్టుకు వెళ్లి, మలుపులు చేత్తో తడిమి చూసి వచ్చేది. సాదిర్ చేసేవన్నీ మూల మలుపులే. గుండ్రంవి చేస్తే రేకూ పొద్దూ దండగంటాడు.

ఆ యేడు కుట్టు ఫ్యాక్టరీ పని వచ్చింది. రెండో అంతస్తులో ఇస్త్రీ గది, అందులో నలభై మంది ఆడవాళ్లు. అక్క నూట అరవై మూడు మలుపులకూ ఒక్కొక్కదానికి 'మూల' అని పెట్టింది. యజమాని ముందే కొని పెరట్లో పడేసిన ఫ్యాన్ చాలదని తేలింది.

మా పై అధికారి కుబాత్ వచ్చాడు. ఆవిడ కొడుకంత వయసు.

"అక్కా, ఫ్యాన్ వచ్చేసింది. మలుపులు మార్చెయ్."

"మలుపులు నా చేతిలో లేవు కుబాత్. సాదిర్ చేతిలో ఉన్నాయి."

"గుండ్రంవే చెయ్యాలని సాదిర్‌కిచ్చే గొట్టాల బొమ్మ మీద రాయిస్తాలే. చెయ్యకపోతే వాళ్ల ఖర్మ."

"వాళ్లకేం ఖర్మ? ఇస్త్రీ చేసే పిల్లల ఖర్మ అది."

"పెన్షన్‌కి పదకొండు నెలలుంది నీకు. ఇప్పుడెందుకు మొండితనం? నీ పుస్తకం శుభ్రంగా ముగియనీ."

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. "బొమ్మ మీద రాయించు. బిగించే ముందు నన్ను పిలువు" అంది అక్క చివరికి. అలాగేనన్నాడు. మలుపులన్నీ గుండ్రం చేసింది నేనే, ఒక్క నొక్కుతో. అక్క సంతకం పెట్టి నా చెవిలో అంది: "బెర్మెత్, నా మొదటి లెక్క జాగ్రత్తగా ఉంచు. వీడు మాట తప్పితే అదే నా సాక్ష్యం."

బొమ్మ మీద ఆ మాట ఎవరూ రాయలేదు. అక్కను ఎవరూ పిలవలేదు. సాదిర్ అలవాటు ప్రకారం మూలలు కొట్టి బిగించేశాడు. జులైలో ఇస్త్రీ గదిలో ఇద్దరు సొమ్మసిల్లారు. ఒకామె కాలే ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఆనించి పడింది. ఆ చెయ్యి ఇక సూది పట్టలేదు.

విచారణకు వచ్చినాయన కాగితాలు అక్క ముందు పరిచాడు. "బొమ్మలో గుండ్రం అని ఎక్కడా లేదు. లెక్కలో మాత్రం గుండ్రం. సంతకం మీదేనా?"

"నాదే. మొదట సరిగ్గానే చేశానండీ. ఆ లెక్క బెర్మెత్ దగ్గరుంది."

కుబాత్ నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. బిడ్డను కని మళ్లీ పనిలో చేరి నాకు మూడు నెలలే అయింది.

"ఉందా అమ్మా?" అన్నాడాయన.

"లేదండీ. చెరిగిపోయింది."

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కళ్లజోడు మడిచి, "సరేలే, చంటిబిడ్డ తల్లివి" అంది.

ఆవిడ పని పుస్తకంలో చివరి పంక్తి 'తప్పుడు లెక్క కారణంగా తొలగింపు'. ఆ కుర్చీ నాకిచ్చారు. మొదటి లెక్క నా కంప్యూటరులో ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడు తెరిచి, ఆ నూట అరవై మూడు మూలలూ చూసి మూసేస్తాను. సిగ్గులేని బతుకు నాది.

నిన్న కుబాత్ కొత్త బడి బొమ్మ తెచ్చాడు. "మలుపులన్నీ గుండ్రం పెట్టెయ్ బెర్మెత్" అన్నాడు.

పెట్టేశాను.