ఏ పనీ చేయడం లేదని రాసిన కాగితం

మనసుకు జబ్బు చేసి గుమాస్తా ఉద్యోగం వదిలాక నాకు కొంత పెన్షన్ వచ్చేది. ఏ పనీ చేయడం లేదని ఆరు నెలలకోసారి సంతకం పెట్టి ఇవ్వాలి. ఇల్లు గడవక గన్‌ఫౌండ్రీలో ఒక టైపు షాపులో పూటపని చేస్తూనే, ఆ కాగితం పట్టుకుని ఒకరోజు ఆబిడ్స్‌లో నాంపల్లి బస్సెక్కాను. కాగితం చేతిలోంచి జారితే, వంగి తీసుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పక్క సీటులోని నడివయసు ఆవిడ దాన్ని తీసి ఇచ్చింది.

"ఏంది సార్, పానం బాగలేదా?"

ఎందుకో ఆవిడకు అంతా చెప్పేశాను. దాచిన పని సంగతీ, నిద్ర పట్టని సంగతీ.

"దవాఖానకు పోతున్నరా?"

"మానేశానండీ. పిచ్చివాడంటారని."

ఆవిడ సంచిలోంచి మాత్ర తీసి, బస్సులో అందరూ చూస్తుండగానే వేసుకుని నీళ్లు తాగింది.

"నేను ఆరేండ్ల సంది పోతున్న. బళ్లె ఆయా పని గూడ చేస్తున్న. గాడ డాక్టరమ్మ మనం చెప్పేది కూసోని వింటది. గురువారం పోన్రి, జర."

స్టేషన్ దగ్గర దిగిపోయింది.

పెన్షన్ ఆఫీసులో నిజం చెప్పాను. నాలుగు నెలలు పెన్షన్ ఆపి, తర్వాత తగ్గించి ఇచ్చారు. ఆ నాలుగు నెలలూ నా భార్య నాతో సరిగా మాట్లాడలేదు.

బస్సులో ఆవిడ మళ్లీ కనిపించలేదు. ఆవిడ చెప్పిన గురువారం దవాఖాన వరండాలో నా పేరు పిలిచినప్పుడు, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూడకుండా లేచి నిలబడ్డాను.