పదహారు స్టూళ్ళు

మంగ పొంగణాలను చెవితో కాల్చేది. పన్నెండు గుంతల ఇనుప పెనంలో పిండి పోసి, మూత పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని ఎవరితోనో మాట్లాడుతుండేది. లోపల నూనె చిటపట సన్నబడగానే మూత తీసి, ఇనుప పుల్లతో పన్నెండింటినీ వరసగా తిరగేసేది. ఒక్కటీ మాడేది కాదు. తొండియార్‌పేటలో మా వెల్డింగ్ షెడ్డు ఉన్న వీధిలోనే ఇరవై రెండేళ్ళు, నేల మీద పీట వేసుకుని, పోలియోతో సన్నబడిపోయిన ఎడమకాలు ముందుకి చాపుకుని ఆ పని చేసింది.

ఆ రోజుల్లో మా వీధిలో బలమున్నవాడిదే జాగా. పరోటాల పళని నాలుగు బల్లలు వేసి కొళాయి దగ్గరి మూలంతా పట్టుకున్నాడు. మంగను నెట్టుకుంటూ నెట్టుకుంటూ కాలవ పక్కకి చేర్చారు. వాన పడితే పొయ్యి కిందికి మురుగు వచ్చేది. వీధిలో అందరికీ ఒకే కొలతలో జాగా ఇవ్వాలని మొట్టమొదట అర్జీ పెట్టింది మంగే. ఆ కాలితోనే కార్పొరేషన్ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళి వచ్చింది.

రెండేళ్ళకి పథకం వచ్చింది. 'సమాన వీధి' అని పేరు. పదహారు మందికి పదహారు బండ్లు. అన్నిటికీ ఒకే పొడవు, ఒకే వెడల్పు, ముప్పై ఆరు అంగుళాల ఎత్తు. ముందు రేకు మీద పసుపు రంగులో రెండు అడ్డగీతలు, లెక్కల్లో వేసే సమానం గుర్తు. చేసే పని మా షెడ్డుకే దక్కింది. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేశాను. అన్నిటినీ వరసగా నిలబెట్టి పైన రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడుమ నుంచి కదల్లేదు. నా చేతి మీద అంత శుద్ధమైన పని అంతకు ముందు జరగలేదు.

చీటీలు తీస్తే కొళాయి పక్క జాగా మంగకి వచ్చింది. ఆమె ఆ పసుపు గీతల మీద వేలితో రాసి చూసింది.

"ఇంక నన్ను ఎవురూ తొయ్యలేరు కదన్నా?"

"ఎవరు తోస్తారమ్మా. జాగా నీ పేరున పథకం వాళ్ళిచ్చిన కార్డులోనే ఉంది" అన్నాను.

ఆ బండి వెనక ఎవరు నిలబడతారో డ్రాయింగులో లేదు. నేనూ అడగలేదు.

మంగ నాలుగున్నర అడుగుల మనిషి. పెనం ఆమె రొమ్ము ఎత్తుకి వచ్చింది. ఎడమ చేత్తో బండిని పట్టుకుని కుడికాలి మీద నిలబడితే తిప్పడానికి ఒక చెయ్యే మిగిలింది. గుంతల లోపల ఏముందో కనపడదు. పక్కబండిలో పళని ఇనుప గరిటెలతో పరోటాలను టకటకా ముక్కలు చేస్తూ కొత్తు పరోటా కొడుతుంటే చెవికీ ఏమీ అందదు. ఎనిమిదో రోజు షెడ్డుకి వచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన గీతలు.

"బాలన్నా, దాని కాళ్ళు తొమ్మిది అంగుళాలు కోసెయ్యి."

"కొయ్యకూడదమ్మా. కొలత తగ్గితే కార్డు రద్దు చేస్తారు."

"అయితే నా కాళ్ళన్నా తొమ్మిది అంగుళాలు పెంచు. నీకాడ రాడ్లు ఉండాయి కదా!" అని నవ్వింది. ఆ నవ్వు నాకు భరించరానిదిగా ఉంది.

బండిని ముట్టుకోకుండా ఆమెకొక స్టూలు చేశాను. వెనక ఆనుకోవడానికి ఒక రాడ్డు, కుడికాలికి మెట్టు, ఎడమకాలు చాపుకోవడానికి సన్నటి పలక. ఆమెను కూర్చోబెట్టి మూడుసార్లు కోసి అతికాను. మర్నాటి నుంచి పొంగణాలు మళ్ళీ గుండ్రంగా, ఎర్రగా లేచాయి. పద్నాలుగు రోజులు ఆ వీధిలో ఏ గొడవా లేదు.

పదిహేనో రోజు పథకం సూపర్‌వైజర్ కేశవ్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. స్టూలు చూసి ఫోటో తీసుకున్నాడు.

"అక్కా, మీకొక్కరికే ఆసనం ఉంది."

"నాకొక్కదానికే ఈ కాలుండాది సామీ."

"నాకు తెలుసక్కా. కానీ ఇవాళ మీకు ఇస్తే రేపు ఇంకొకరు ఇంకోటి అడుగుతారు. మళ్ళీ ఆ పాత వీధే. ఉంటే పదహారు ఉండాలి, లేకపోతే ఒక్కటీ వద్దు."

పదహారు ఉండాలనే పైవాళ్ళు తేల్చారు. మిగతా పదిహేనూ నేనే చేశాను. కొలత మారకూడదన్నారు కాబట్టి, ఎడమకాలు చాపుకునే పలక కూడా పదిహేనింటికీ పెట్టాను. వెనక రాడ్డు మీద రెండు పసుపు గీతలు. చేస్తున్నంత సేపూ చేతులకి సిగ్గుగా ఉంది. అతుకులు మాత్రం గట్టిగానే వేశాను.

వారం తిరక్కుండా ఇంకో ఆర్డరు. నిలబడి అమ్మేవాడు కూర్చుని అమ్మేవాడికంటే ఎక్కువ అమ్ముతాడు కనక, అమ్మకం వేళల్లో అందరూ కూర్చోవాలి. స్తంభానికి కెమెరా బిగించారు.

కూర్చుని పరోటా విసరడం ఎవరివల్ల అవుతుంది? పళని ఆరడుగుల మనిషి. మోకాళ్ళు బండికి కొట్టుకుంటుంటే మైదా ముద్దను ఒడిలోకి విసురుకునేవాడు. చెరుకు రసం వినోదిని చక్రం తిప్పాలంటే ఒళ్ళంతా వాల్చాలి. కూర్చుని తిప్పి తిప్పి భుజం పట్టేసి చెయ్యి ఎత్తలేకపోయింది. వచ్చేవాళ్ళు పక్క వీధికి మళ్ళారు.

కొళాయి దగ్గర పళని అందరికీ వినపడేట్టు అన్నాడు.

"ఏమ్మా మంగా, నువ్వొకదానివి రాణీ మాదిరి కూర్చుంటివి. చూడు, మమ్మల్ని అందర్నీ రాణుల్ని చేసినావు. వీధంతా అంతఃపురమే!"

"నేనా చేసింది? నిన్ను నేనా కూర్చోమన్నా?"

"నువ్వు అడక్కుంటే వస్తుందా?"

"నేను నాకు అడిగినా పళనీ. నీకు అడగలా."

వినోదిని ఎడమ చేత్తో బిందె ఎత్తబోయి కింద పెట్టేసింది. మంగ అది చూసింది.

కేశవ్ ఒక కాగితం తెచ్చాడు. స్టూళ్ళు వద్దని అందరూ సంతకం పెడితే తీసేస్తారు. పదిహేను పడితే చాలదు, పదహారూ కావాలి. సాయంత్రానికి పదిహేను పడ్డాయి. వాళ్ళందరూ మంగ బండి ముందుకి వచ్చి నిలబడ్డారు. నేను కూడా వెళ్ళాను.

"సామీ, కింద ఒక మాట రాయి. కావలసినవాళ్ళు కూర్చోవచ్చు అని" అంది మంగ.

కేశవ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో దానికి చోటు లేదక్కా."

"వెనకాల ఖాళీగా ఉండాదే."

"వెనక రాసింది చెల్లదు."

నాకు కోపం వచ్చింది. ఇది అన్యాయమని గట్టిగా మొదలుపెట్టాను. మంగ నా వైపు చెయ్యి చూపి ఆపింది.

"వద్దన్నా. నువ్వు అరిస్తే వినోదిని భుజం బాగవుతుందా?"

సంతకం పెట్టింది. పళని తన బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే టెంపో వచ్చి పదహారు స్టూళ్ళనూ ఎక్కించుకుపోయింది.

మంగ పదకొండు రోజులు నిలబడింది. పళని తనంతట తానే కొత్తు కొట్టడం ఆపి ఆమె బండి మీది మూత ఎత్తి పట్టుకోబోతే, ఒక బండికి ఇద్దరు ఉండకూడదని కెమెరా చూసేవాళ్ళ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పన్నెండో రోజు ఆమె రాలేదు.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. హౌసింగ్ బోర్డు ఇళ్ళలో మూడో అంతస్తు. వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది, ముందు చిన్న స్టవ్వు, పెనం. కాలు వాచి దిండు మీద ఉంది. పైదాకా ఎక్కి వచ్చి కొనేవాళ్ళు నలుగురైదుగురే అట.

"కార్డు ఇచ్చేసినాన్నా. ఇయ్యకపోతే వాళ్ళే తీసుకుంటారు కదా."

నాకు ఒక ప్లేటు పెట్టింది. తింటున్నాను.

"ఆడ నా జాగాలో ఎవురొచ్చినారు?"

"సరణ్య అని, బజ్జీలు వేస్తుంది. పదహారు బండ్లూ ఖాళీ లేకుండా ఉండాలట."

"ఎంత ఎత్తుంటాది ఆ పిల్ల?"

"నా చెవి దాకా వస్తుంది."

మంగ పెనం మీద మూత తీసి ఒక పొంగణాన్ని తిప్పింది, ఇంకొకదాన్ని తిప్పింది.

"అయితే బండి సరిపోతుందిలే" అంది.