ఎత్తి చూసి కొన్న యాంప్లిఫయర్

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. అప్పట్లో నా మటుకు సంగీతం చెవులకు సంబంధించిన విద్య కాదు, నడుముకు సంబంధించిన వ్యాధి. మా చర్చిలో బేస్ గిటార్ వాయించేవాణ్ని. నాలుగు లావుపాటి తీగలుండే ఈ వాద్యానికి ఒక దుర్గుణం ఉంది. యాంప్లిఫయర్ లేకపోతే దీని శబ్దం వాయించేవాడి కడుపుకు తప్ప ఇంకెవరికీ వినపడదు. మా చర్చికి ఒక పాత యాంప్లిఫయర్ ఉండేది. నల్లగా, వెడల్పుగా, ఎక్కడ పడుకుంటే అక్కడే. మోగితే అచ్చం అంబారావమే కాబట్టి సంఘమంతా దాన్ని ‘బర్రె’ అనేవాళ్లు. ఆదివారం చర్చిలో ఉన్నంతసేపు దానితో ఎవరికీ పేచీ లేదు. కానీ ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో గృహప్రార్థన పెట్టుకోవడం మా ఆనవాయితీ. ఎవరి వాద్యం వాళ్లే మోసుకుపోవడం ఇంకో ఆనవాయితీ. తాళాలు వాయించే చిన్నమ్మ వాటిని చేతిసంచిలో వేసుకుని వచ్చేది. కీబోర్డు వాయించే మా మేనబావ దాన్ని వీపుకు తగిలించుకుని ఈల వేసుకుంటూ వచ్చేవాడు. నేను బర్రెను తెచ్చేవాణ్ని. (తోలితే నడిచే బర్రె అయినా బాగుండేది.) పైగా నా ఉద్యోగం నార్కట్‌పల్లి రోడ్డు మీద టైర్ల దుకాణంలో. వారమంతా లారీ టైర్లు, శుక్రవారం సాయంత్రం బర్రె.

ఒక శుక్రవారం ప్రార్థన సంఘపెద్ద ఇంటి మేడ మీద పెట్టారు. మెట్ల మలుపులో బర్రె ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి పోదు. దాని వెనక నేను, నా వెనక ఉప్మా గిన్నెతో పాస్టరమ్మగారు. ఇంతలో పైన పాట మొదలైపోయింది. విచిత్రమేమిటంటే అందులో బేస్ కూడా వినిపిస్తోంది! గిటారేమో నా భుజానే ఉంది. తల ఎత్తి చూస్తే మా బావ, కీబోర్డు మీద, ఎడమచేత్తో వాయించేస్తున్నాడు. అది కాదు నా బాధ. పాట అయిపోయాక తేడా ఉందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

“గీ బర్రెతోని ఎందుకు సస్తవ్ బామ్మర్దీ?” అన్నాడు బావ, అందరి ముందూ. “నా ఎడమచెయ్యి కాళీగనే ఉంటది. క్రిస్మస్‌కు గూడ నేనే కొట్టేస్త. నువ్వు కుర్చీలెయ్యి.”

పాస్టరుగారు నవ్వి ఊరుకుంటే సరిపోయేది. “జర ఆలోచన చేద్దాం” అన్నారు. ఆ ‘జర’ నన్ను కోసినంతగా ఏ కత్తీ కోయలేదు. నాలుగేళ్లుగా నేర్చుకున్న నాలుగు తీగల విద్య బావ ఎడమచేతి వాటం ముందు ఓడిపోతోంది. క్రిస్మస్‌లోపు ఒక తేలికపాటి యాంప్లిఫయర్ కొని తీరాలని ఆ మెట్ల మీదే నిర్ణయించుకున్నాను.

జీతం రాగానే మా నాన్నను, అదే బాపును, వెంటబెట్టుకుని హైదరాబాదు పోయాను. వాద్యాల దుకాణంలో రకరకాల యాంపులు వరసగా కూర్చున్నాయి. దుకాణం ఆయన మర్యాదగా ఒక గిటార్ తెచ్చి, “వాయించి చూడు అన్నా” అన్నాడు.

“వద్దు, లేపి చూస్త” అన్నాను.

లోకంలో అందరూ యాంపును చెవితో పరీక్షిస్తారు. నేను చేత్తో పరీక్షించాను. కుడిచేత్తో లేపాను, ఎడమచేత్తో లేపాను. సంఘపెద్ద మేడను గుర్తు చేసుకుని దుకాణం మెట్లెక్కి దిగాను. దుకాణం ఆయన ఓపిక కూడా నాతోపాటు మెట్లు దిగింది. “అన్నా, నువ్వు యాంప్ కొనతందుకచ్చినవా, కసరత్తు చేయతందుకచ్చినవా?”

బాపు బాధ ఇంకొకటి. “గిన్ని పైసలు వెట్టి గింత అల్కటిది కొంటవా? లోపలేమన్న ఉన్నదా, ఉత్త డబ్బానా? గా మూలకున్నది సూడు, ఎంత బరువుగున్నదో! పెట్టిన పైసకు గది న్యాయం.”

“మోసేది నేను బాపూ.”

“ఇనేది మేము గద బిడ్డా.”

ఆ రోజు మొత్తం మీద నాకు దొరికిన ఏకైక సంగీత సలహా అది. నేను వినలేదు. అన్నిటికంటే తేలికైనదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బస్సెక్కాను.

తర్వాతి శుక్రవారం సంఘమంతా దాన్ని చూసి ముచ్చటపడి ‘మేకపిల్ల’ అని పేరు పెట్టారు. ప్రార్థన వాకిట్లో, షామియానా కింద. పాట ఎత్తుకున్నారు. అన్నిటికంటే లావు తీగను మీటాను. దోమ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. కంగారుపడి, దానికున్న మీటలన్నీ చివరిదాకా తిప్పాను. శబ్దం పెరగలేదు గానీ, మేకపిల్ల గజగజ వణకడం మొదలుపెట్టింది. వణుకుతూ వణుకుతూ, నున్నటి బండల మీద మెల్లగా పాడేవాళ్ల వైపు బయల్దేరింది. వైరు తెగుతుందేమోనని గిటార్ వాయిస్తూనే దాని వెనక నేనూ అడుగులేశాను.

“బామ్మర్దీ, నీ మేకపిల్ల మేతకు పోతాంది, పట్టు!” అన్నాడు బావ, ఎడమచేత్తో నా బేస్ అంతా తనే వాయించేస్తూ.

కళ్లు మూసుకోవాల్సినవాళ్లు కూడా తెరిచి నవ్వారు. పాస్టరుగారు ఈసారి ‘జర’ కూడా అనలేదు. “వచ్చే శుక్రవారం ఒక్కటి చూద్దాం. గట్లనే ఉంటే క్రిస్మస్‌కు బావనే వాయిస్తడు” అన్నారు.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా అవ్వ, అంటే బాపు తల్లి, వచ్చింది. ముందు వరసలో కూర్చుని జరిగిందంతా చూసింది ఆవిడ. “మిషిని మంచిదే బిడ్డా. నువ్వే సల్లటి బండ మీద పెడ్తివి. సలికి వణుకుతాంది. కింద పెట్టకు దాన్ని” అంది. ఇంటర్‌లో ఫిజిక్సు చదివినవాణ్ని, చిరాకు రాదా? ఆవిడ నా చిరాకును లెక్కచేయకుండా, పగలు ఎండకు వేసిన బట్టలు ఇంకా సర్దక ఖాళీగా ఉన్న తన టేకు సందుగ మూత వేసి, దాని మీద మేకపిల్లను కూర్చోబెట్టింది. చెప్తే అర్థం కాదులే, చూపిద్దామని లావు తీగ మీటాను.

గూట్లో గిన్నెలు గలగలలాడాయి. గోడ మీది గడియారం పక్కకు ఒరిగింది. బయట నుంచి బాపు కేకేశాడు: “లారేమన్న అచ్చిందా?”

“సూసినవా, ఎచ్చగైంది” అంది అవ్వ.

ఖాళీ పెట్టె దాని గొంతును పెద్దది చేస్తోందని నేను చెప్పబోయి మానుకున్నాను. ఎందుకంటే అప్పటికే ఇంకో సంగతి వెలిగింది. మేకపిల్లకు రెండు వేళ్లు చాలు. సందుగకు ఇద్దరు మనుషులు కావాలి. బర్రెను వదిలించుకుందామని బయల్దేరి ఏనుగును తెచ్చుకున్నాను. అంతటితో అయిందా? “నేను లేంది నా సందుగ గడప దాటది” అని అవ్వ తీర్పు చెప్పింది. అంటే తేలికపాటి యాంప్లిఫయరు, దానికొక సందుగ, సందుగకొక అవ్వ.

శుక్రవారం ఆ ఊరేగింపు చూద్దామని బావ ముందే వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అవ్వ నాకు నాయనమ్మ అయినట్టే వాడికి అమ్మమ్మ. ఆ సంగతి వాడు మరిచిపోయాడు, ఆవిడ మరిచిపోలేదు.

“ఏం సూస్తున్నవ్‌రా నవ్వుకుంట? కాళీగనే ఉంటదంటివి గద నీ ఎడమచెయ్యి. గా కొస పట్టు!”

ఊరి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పట్టాడు. మధ్యలో చెయ్యి మారుద్దామంటే కుడి భుజానికి కీబోర్డు. పాట మొదలయ్యేసరికి ఆ ఎడమచెయ్యి వాడి ఒళ్లో నీళ్లు లేని సొరతీగలా వాలిపోయి ఉంది. నేను లావు తీగ మీటాను. సంఘపెద్ద పొట్ట తడుముకుని, “అయ్యగారూ, ఇయ్యాల కడుపుల కొడ్తాంది!” అన్నాడు. అవ్వ సందుగ పక్కన కూర్చుని, ఈనిన గేదెను నిమిరినట్టు దాన్ని నిమురుతూనే ఉంది. క్రిస్మస్‌కు బామ్మర్ది వాయిస్తాడని, బావ మోస్తాడని పాస్టరుగారు అక్కడికక్కడే తేల్చేశారు.

ఇప్పుడు అవ్వ లేదు. మొన్న ఇంకో యాంపు కొన్నాను. ఇవాళ్టివి అరచేతిలో పట్టేంత ఉండి కూడా మేడలు అదిరేలా మోగుతున్నాయి. దుకాణంలో కుర్రాడు గిటార్ తెచ్చి “వాయించి చూడండి సార్” అనేసరికే నా చెయ్యి దాని పిడి మీద ఉంది, సగం లేపేశాను కూడా. సిగ్గుపడి దించి, బుద్ధిగా వాయించి, విని, కొన్నాను. కింద పెట్టినా ఇది వణకదు, మేతకు పోదు. అయినా ఇంటికి తేగానే, బండ చల్లగా ఉందేమో అనిపించి, సందుగ మీద పెట్టాను.