ఇప్పపూల కాలంలో కమ్మిన పొగ

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో నన్ను మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, కిన్వట్ అడవుల అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా వేశారు. నేను చేరేసరికి ఇప్పపూలు రాలుతున్నాయి. పువ్వు కంటికి ఆనాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టడం అక్కడి అలవాటు. ఆ నిప్పు ఒక్కోసారి అడవినే పట్టుకుంటుంది.

అక్కడ నాకు పరిచయమైన తొలి రోగుల్లో రాజవ్వ ఒకరు. బీడీ ముట్టని మనిషి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నందువల్ల ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు కుంచించుకుపోయాయి. మేం సీఓపీడీ అని రాసే ఈ జబ్బును ఊళ్లో దమ్ము అంటారు. పూర్తిగా నయం కాదు, కాని రోజూ ఇన్‌హేలర్ పంపుతో మందు పీలిస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. ఆమె భర్త గంగారాం పంపు వాడే పద్ధతి ముందు తాను నేర్చుకుని ఆమెకు నేర్పాడు. ఆమె కోసమే ఇంట్లోకి గ్యాసు తెచ్చాడు.

ఆ ఎండాకాలం ఊరి పక్క గుట్టలు అంటుకున్నాయి. రాజవ్వను పొగకు దూరంగా ఉంచమని గంగారాంకు చెప్పి పంపాను. అతను ఆమెను ముద్ఖేడ్‌లోని తన చెల్లెలి ఇంట్లో దించి వచ్చి, పచ్చికొమ్మలు పట్టుకుని అటవీశాఖ వాళ్లతో కలిసి మంటలు ఆర్పాడు. మంట ఆరగానే ఆమెను తీసుకొచ్చేశాడు. కాని మొద్దులు లోలోపల రాజుతూనే ఉన్నాయి. తెల్లవారుజాము చల్లదనానికి పొగ పైకి లేవక ఊరిమీదే పరుచుకునేది. ఆ పొగలోని సన్నటి మసి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. మామూలు మనిషికి దగ్గు తెప్పించే పొగ దమ్ము రోగికి గాలి గొట్టాలను మూసేస్తుంది.

కొద్ది రోజుల్లోనే ఆమెను ఆటోలో తెచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. నెబులైజర్ పెట్టి, ఆక్సిజన్ కొలిచి ఇచ్చాను. ఈ రోగులకు అది ఎక్కువైనా ముప్పే. నాందేడ్‌కు పంపడానికి అంబులెన్సును పిలిచాను. అది వచ్చిందేమో చూడమని రాజవ్వ గంగారాంను బయటికి పంపింది. ఒక్కొక్క మాటకూ ఆగుతూ నాతో చెప్పింది.

"సారు, ఆ నిప్పు మా ఇప్పచెట్టు కింద నుంచే పోయింది. ఆయనే అంటువెట్టిండు. పొగతోని గిట్లయిందని ఆయనకు చెప్పకుండ్రి."

నాందేడ్‌లో వెంటిలేటర్ మీద పెట్టారు. బతకలేదు.

దినాలయ్యాక గంగారాం వచ్చాడు. వాడని పంపులు బల్లమీద పెట్టి, ఎవరికన్నా పనికొస్తాయన్నాడు.

"మంట ఆరిందని తోల్కొచ్చిన సారు. పొగతోనే పోయిందా?"

ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయనీ, మామూలు జలుబుకైనా అలా జరగవచ్చనీ చెప్పాను. అందులో అబద్ధం లేదు. అడిగినదానికి జవాబూ లేదు. అతను నా ముఖంలోకి చూశాడు.

"చెప్పొద్దని ఆమె అన్నదా?"

నేను బల్లమీది పంపులు తీసి సొరుగులో పెట్టాను. అతను మళ్లీ అడగలేదు. తల మీది రుమాలు సరిచేసుకుని వెళ్లిపోయాడు.

రిటైరయ్యేదాకా దమ్ము రోగుల ఇళ్లవాళ్లకు ఒక మాట విడమరచి చెబుతూ వచ్చాను. మంట ఆరడం వేరు, పొగ పోవడం వేరు. రోగిని ఇంటికి తేవలసింది రెండోది జరిగాకే.