చిట్యాల లైను మీద వచ్చిన గొంతు

పోయిన వారం ఒకనాటి మధ్యాహ్నం అన్నం తిని, మంచం మీద నడుము వాల్చబోతుండగా నా సెల్‌ఫోను మోగింది. ఎత్తితే ఎవరో మగమనిషి, మహా అధికారంగా మాట్లాడుతూ, నా మనవడు ఏదో కేసులో పట్టుబడ్డాడనీ, ఇప్పుడు పోలీసు స్టేషనులో తన ఎదురుగానే కూర్చున్నాడనీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తాను చెప్పినట్టు చేస్తే విడిచిపెడతాననీ అన్నాడు. మనవడు పక్క గదిలో నిద్రపోతున్నాడు; తలుపు సందులోంచి వాడి కాళ్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఫోను పెట్టేయలేక వింటూనే ఉన్నాను. మనవరాలు వచ్చి ఫోను తీసుకొని, ఒక్క క్షణం విని, నొక్కి పక్కన పడేసింది. “గిసొంటివి రోజు వస్తనే ఉంటయి నాయినమ్మా, ఫికర్ చెయ్యకు,” అని మళ్లీ తన పుస్తకంలో తల దూర్చింది. ఆ పిల్లకు కోపం రాలేదు, భయం వేయలేదు, కనీసం ఆశ్చర్యమైనా కలగలేదు. నాకు మాత్రం పొద్దుగూకేదాకా గుండెదడ తగ్గలేదు. ఎందుకంటే అటువంటి గొంతును నేను అరవై ఏళ్ల కింద ఒకసారి విన్నాను. విని ఊరుకోలేదు, ఆ గొంతు చెప్పిన మాటలను నా నోటితోనే మా వాళ్ల ఇంటికి చేరవేశాను.

అరవైల మొదట్లో నేను నల్లగొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. బాపు అప్పటికే పోయాడు. అమ్మా నేనూ ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆనాడు ఫోనంటే అంకెలు తిప్పేది కాదు, పక్కనున్న మర తిప్పితే ఎక్స్ఛేంజిలో మా ముందున్న బోర్డు మీద చిన్న రేకు మూత ఒకటి టప్పున పడేది. ఒక్కో ఇంటికీ, ఒక్కో బయటి ఊరి లైనుకూ వేరే మూత. ఎవరి మూత పడిందో చూసి, తాడు గుచ్చి, ఎవరు కావాలని అడిగి, వాళ్ల ఇంటికి కలిపేవాళ్లం. ఊళ్లో ఫోన్లున్న ఇళ్లు తక్కువ కాబట్టి కొద్ది నెలలకే ప్రతి ఇంటి గొంతూ నాకు తెలిసిపోయింది. వాళ్లకూ నా గొంతు అలాగే తెలుసు. ఎవరికీ ఫోను చేయాల్సిన పని లేకపోయినా మర తిప్పి, డాక్టరు ఊళ్లో ఉన్నాడా, సూర్యాపేట బస్సు పోయిందా, మీ అమ్మకు జ్వరం తగ్గిందా అని అడిగేవాళ్లు. నా మొఖం ఎన్నడూ చూడని వాళ్లు కూడా సంతలో నేను కూరగాయలు బేరమాడుతుంటే గొంతు పట్టి గుర్తుపట్టి, ఫోనమ్మవు నువ్వే కదా అని నవ్వేవాళ్లు. ఇరవై ఏళ్ల పిల్లకు అది ఎంత గర్వమో వేరే చెప్పాలా!

మా మేనత్త, అంటే బాపు చెల్లెలు, ఆ ఊళ్లోనే ఉండేది. మామకు ఆముదం మిల్లు ఉండబట్టి వాళ్ల ఇంట్లో ఫోనుండేది. వాళ్లకు ఒక్కడే కొడుకు, నాకంటే చిన్నవాడు, పట్నంలో హాస్టలులో ఉండి చదువుకునేవాడు. ఇంట్లో నాలుగో మనిషి అవ్వ, మామ వాళ్ల అమ్మ. అవ్వ గట్టి మనిషి. రజాకార్ల కాలంలో ఇంటి మీద పడతారని ఊరంతా పారిపోతుంటే, ఆమె తన బంగారు సొమ్ములను పాత గుడ్డలో మూటగట్టి పశువుల కొట్టంలో పేడ కింద దాచి, ఆ పేడ మీదే పిడకలు చేస్తూ కూర్చుందట. వచ్చిన వాళ్లు ఇల్లంతా తవ్వి ఉత్త చేతులతో పోయారు. ఆ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పినా మాకు మళ్లీ వినాలనిపించేది.

ఒక వేసవిలో ఊళ్లోకి ఒక కొత్త వింత వచ్చింది. పట్నం బస్సు దారిలో ఉన్న చిట్యాల పోస్టాఫీసు నుంచి ఒక మనిషి ఫోను చేసి, నల్లగొండలో ఒక్కొక్క ఇంటినే అడిగి మాట్లాడేవాడు. తాను కుట్టుమిషన్ల కంపెనీ తరఫు మనిషిననీ, ఫోనున్న పెద్దింటి వాళ్లకే ముందుగా చెబుతున్నాననీ, ఇంట్లో ఆడవాళ్లు ఎంతమంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, పగలు ఇంట్లో ఎవరుంటారు అని మర్యాదగా అడిగేవాడు. ఇప్పుడైతే అటువంటి ఫోనును ఎవరైనా చీదరించుకుంటారు. ఆనాడు మాత్రం పరాయి ఊరి మనిషి పనిగట్టుకొని ఫోను చేసి తమ యోగక్షేమాలు అడిగాడని జనం పొంగిపోయారు. మా అవ్వ ఆ మనిషితో చాలాసేపు మాట్లాడింది. ఆమెకు చెవులు కొంచెం మందం. అరిచి మాట్లాడుతుంటే తాడు తీయడానికి చూసిన నాకు కూడా వినిపించింది. మనవడి చదువు, కొడుకు మిల్లు, చివరికి పేడ కింద దాచిన సొమ్ముల కథ, అన్నీ చెప్పింది. నేను నవ్వుకున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

నెల తిరగకముందే ఒక పొద్దున, పది గంటల బస్సుకు ఇంకా అరగంట ఉందనగా, బోర్డు మీద చిట్యాల మూత పడింది. మా మేనత్త ఇంటి నంబరు అడిగారు. కలిపాను. అవతలి మనిషి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది, మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఆక్సిడెంటు, దవాఖాన అన్న రెండు మాటలే తెలిశాయి. అత్త ఏమిటేమిటని అరుస్తోంది. అప్పుడు ఆ మనిషి నన్ను ఉద్దేశించి, “అమ్మా, లైను మంచిగ లేదు, నేను చెప్తుంట, జర మీరే వాళ్లకు చెప్పున్రి,” అన్నాడు. లైను బాగా లేనప్పుడు మేమట్లా మధ్యలో ఉండి మాట అందించడం మామూలే. ఆయన మెల్లగా చెప్పాడు. నేను గట్టిగా అత్తకు చెప్పాను.

“అత్తా, నేనే మాట్లాడుతున్న. పట్నం దవాఖాన నుంచట. మన చిన్నోనికి బస్సు తగిలిందట. నువ్వు, మామ ఎంటనే రావాల్నట.”

 అత్త, ఆమె గొంతేనా అనిపించేటట్టు, “బతికున్నడా, అడుగు బిడ్డా,” అంది.

అడిగాను. ఉన్నాడన్నాడు, కానీ ఆలస్యం చేయొద్దన్నాడు. అదీ చెప్పాను. పది గంటల బస్సుకు ఇద్దరూ కట్టుబట్టలతో వెళ్లిపోయారని తర్వాత మిల్లు గుమాస్తా ఫోను చేసి చెప్పాడు. నేను బోర్డు ముందు ఏడుస్తూనే తాళ్లు గుచ్చుతూ కూర్చున్నాను.

పదకొండు దాటాక మళ్లీ చిట్యాల మూత పడింది, మళ్లీ అదే నంబరు. ఈసారి ఫోను అవ్వ ఎత్తింది. ఆ ముక్కల మాటలు ఆమె మందం చెవులకు వినబడవు కాబట్టి మళ్లీ నేనే చెప్పవలసి వచ్చింది.

“అవ్వా, నేను. చిన్నోనికి ఆపరేషన్ చెయ్యాల్నంట. పైసలు చాలక మామ చెప్పి పంపిండట. సైకిల్ మీద ఒక మనిషి వస్తడట, నీ సొమ్ముల డబ్బ ఆయనకియ్యుమన్నడట.”

“సరే బిడ్డా,” అంది అవ్వ. అంతే. మారుమాట అడగలేదు.

తాడు తీశాను. తీసి, ఫోను వచ్చిన వేళ కాగితం మీద రాసుకోవడానికి గడియారం వైపు చూశాను. పదకొండూ ఇరవై. ఆ బస్సు పట్నం చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. మామ ఇంకా దారిలో చౌటుప్పల్ కూడా దాటి ఉండడు. దాటని మనిషి దవాఖానలో డాక్టరుతో ఎప్పుడు మాట్లాడాడు, ఎప్పుడు చెప్పి పంపాడు? అప్పుడు, అప్పుడు గానీ, నా కళ్లు బోర్డు మీద పడలేదు. పడింది చిట్యాల మూత. పట్నం నుంచి వచ్చే ఫోనైతే పట్నం మూత పడాలి. పొద్దున కూడా చిట్యాలదే పడింది. నేను చూశాను, చూసి కూడా నా బుద్ధికి తోచలేదు. చిట్యాల లైను ఎప్పుడూ గంట కొట్టినట్టు ఖంగుమనేది. అది బాగా లేకపోవడమేమిటి? ఆ మనిషి నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని, కావాలనే మాటలు మింగి, నా గొంతును అడిగి తీసుకున్నాడు. తన గొంతును ఎవరూ నమ్మరని, నా గొంతును ఊరంతా నమ్ముతుందని వాడికి తెలుసు. ఆ రుమాలు వెనక ఉన్నది కుట్టుమిషన్ల మనిషి గొంతేనని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

 అవ్వకు ఫోను కొట్టాను. ఎత్తలేదు. మళ్లీ కొట్టాను, మళ్లీ మళ్లీ కొట్టాను. బోర్డు వదిలి పోవడం పెద్ద తప్పు. మా సూపర్‌వైజరు పెద్దాయన నా మొఖం చూసి, ఏమిటని కూడా అడగకుండా నా కుర్చీలో తాను కూర్చున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండలో పరుగెత్తాను.

అవ్వ దేవుడి పటాల ముందు చేతులు జోడించుకొని కూర్చుని ఉంది. నన్ను చూసి, “ఇచ్చి పంపిన బిడ్డా. పాపం, ఆ మనిషి మంచినీళ్లు గుడ తాగలే, ఒక్కటే ఉరుకుడు,” అంది.

నేను ఆమె ముందు కూలబడి, అది అబద్ధమని చెప్పాను. అరిచి చెప్పినా ఆమెకు అర్థం కాలేదు. మూడోసారి చెప్పాక నా మొఖంలోకి తేరిపార చూసి, “అబద్ధమెట్లయితది బిడ్డా? నువ్వే గద చెప్పినవ్. నీ గొంతే గద,” అంది. నిందించలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఈ వయసులో కూడా ఆ ప్రశ్న తలుచుకుంటే నాకు నిలువునా చెమట పడుతుంది.

తిరిగి ఎక్స్ఛేంజికి పరుగెత్తి, పట్నం ఆపరేటరును బతిమాలి హాస్టలుకు లైను కలిపించుకున్నాను. వార్డెను ఎవరినో పంపితే కాసేపటికి అత్త కొడుకు వచ్చాడు. అన్నం తింటూ మధ్యలో లేచి వచ్చాడట. “ఏమైంది? అవ్వకు గిట్ట ఏమన్నయిందా?” అని వాడు అడిగాడు. వాడు బతికున్నాడన్న సంతోషమూ, మేము మునిగిపోయామన్న సంగతీ ఒక్కసారే మీద పడ్డాయి. ఎట్లాగో చెప్పాను. వాడు పెద్ద దవాఖానకు పరుగెత్తాడు.

అక్కడ జరిగింది అత్త మాకు తర్వాత చెప్పింది, అదీ ఒక్కసారే. పేరు చెబితే ఎవరికీ తెలియలేదట. వార్డు వార్డూ తిరిగి, కట్లు కట్టిన ప్రతి మొఖం దగ్గరా వంగి చూసిందట. చివరికి ఎవరో శవాల గదిలో చూసుకోమంటే, మామ ఆ తలుపు దాకా పోయి, కాలు లోపల పెట్టలేక గోడకు ఆనుకొని నిలబడ్డాడట. అప్పుడు వెనక నుంచి నాయినా అని పిలుపు వినిపించిందట. మామ తిరిగి చూసి కొడుకును గుర్తుపట్టలేదట. అత్తే పోయి వాడి చెంపలు తడిమి, చేతులు తడిమి, తర్వాత వాడిని దవాఖాన మధ్యలో చెడామడా కొట్టిందట.

పోలీసులు చిట్యాల పోస్టుమాస్టరును విచారించారు. ఆ మనిషి తెల్లబట్టల్లో ఉన్నాడనీ, ఎంతో మర్యాదగా మాట్లాడాడనీ, మొదటి ఫోను చేశాక పోలేదనీ, బయట వరండాలో నిలబడి ఆగిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాడనీ ఆయన చెప్పాడు. అంటే అత్తా మామా కూర్చున్న బస్సు తన ముందు నుంచి పోవడం కళ్లారా చూసి, కన్నీళ్లతో ఉన్న అత్త మొఖాన్ని కూడా చూసి, అప్పుడు లోపలికి పోయి రెండో ఫోను చేశాడు. అది విన్నప్పుడు మామ లేచి వెళ్లి పెరట్లో వాంతి చేసుకున్నాడు. వాడూ దొరకలేదు, సైకిలు మీద వచ్చినవాడూ దొరకలేదు, సొమ్ములూ దొరకలేదు.

నేను వాంగ్మూలం రాసిచ్చేటప్పుడు చిట్యాల మూత పడడం పొద్దునే చూశానన్న మాట రాయకపోయినా ఎవరికీ తెలియదని సూపర్‌వైజరు మెల్లగా అన్నాడు. నా మంచికే అన్నాడు. నేను రాశాను. మందలింపు కాగితం వచ్చింది, ఆ వెంటే మహబూబ్‌నగర్ ఎక్స్ఛేంజికి బదిలీ వచ్చింది. పోయేముందు ఆ సంగతి అత్తకు కూడా చెప్పాను. అత్త నాకు అన్నం వడ్డిస్తున్నదల్లా గరిటె ఆపి, “నా కొడుకు నాకు దొరికిండు. గా మాట మల్ల నాకు చెప్పకు,” అని, నా కంచంలో అన్నం నిండా పెట్టి, లోపలికి పోయింది. తర్వాత చాలా రోజులు నా మొఖంలోకి చూడలేకపోయింది. నేనూ చూడలేకపోయాను.

మహబూబ్‌నగర్‌లో నాకొక అలవాటు పడింది. ఫోను ఎవరిదైనా సరే, కలిపే ముందు ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పేదాన్ని. మక్తల్ నుంచి, నారాయణపేట నుంచి, అని ప్రతిసారీ. వినేవాళ్లు విసుక్కునేవాళ్లు, నవ్వేవాళ్లు. ఉద్యోగమున్నన్నాళ్లూ మానలేదు. సెలవుల్లో నల్లగొండకు వెళ్తే అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చేయి పట్టుకునేది, కానీ ఫోను మోగితే లేచి పెరట్లోకి పోయేది. చనిపోయేదాకా ఆమె మళ్లీ ఫోను ముట్టలేదు.

తర్వాత బోర్డులు తీసేశారు, తాళ్లు తీసేశారు, ఒకరి మాట ఒకరికి అందించే మనిషి మధ్యలో లేకుండా పోయింది. మంచిదే, పని తొందరగా అవుతుంది. కానీ ఆనాడు ఒక అబద్ధం ఇంటి గడప దాటాలంటే ఎవరో ఒకరి గొంతు వాడుకోక తప్పేది కాదు, ఆ ఒకరికి జీవితాంతం అది ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు అబద్ధాలు రోజుకు పది వస్తాయి, ఎవరికీ ఏమీ గుచ్చుకోదు.

ఆ మోసం జరిగిన వారమంతా మా మేనత్త ఇంటికి ఊరు ఊరంతా వచ్చింది. మిల్లు కూలీలు, ఎన్నడూ గడప తొక్కని వాళ్లు, పక్క వీధి ముసలమ్మలు, అందరూ వచ్చి, బల్ల మీదున్న ఆ నల్లటి ఫోనును దూరం నుంచి చూసి, మనిషన్నవాడు ఒక తల్లితో బిడ్డ గురించి అట్లా అబద్ధం ఎట్లా చెప్పాడని నోళ్లు నొక్కుకొని, అవ్వ దగ్గర కాసేపు కూర్చుని వెళ్లారు. ఒక్క మోసానికి ఒక ఊరంతా అట్లా నివ్వెరపోయిన రోజులుండేవని ఇవాళ చెబితే నమ్మేవాళ్లు కూడా మన ఈడు వాళ్లే మిగిలారు.