పోగు అతికిన చెంగు

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? బాలింతలకు చలిగాలి తగలకుండా చూస్తున్నారా? చంటిపిల్లల దగ్గు తగ్గిందా? ముందు ఇవి అడగందే నాకు మాట సాగదు. మా మరిది పోయాడు. ఆదివారం పొద్దున ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. నేనిప్పుడు ఉండేది పెనుకొండలో. నేను బయలుదేరేలోపే మట్టి చేసేశారు. కడసారి చూపు దక్కలేదు.

పందొమ్మిది వందల యాభైల చివర, నేను ధర్మవరానికి కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఊళ్లలో ఒక నవ్వుల నాటకం ఏండ్ల తరబడి ఆడేది. ఎప్పుడూ అదే కుటుంబం, అదే గయ్యాళి అత్త. కథ మాత్రం వారానికొకటి. అత్త వేషం కట్టే పెద్దాయన పోయాడు. ఆ వేషంలో ఇంకొకరిని జనం ఒప్పుకోరని, అత్త చెల్లెలంటూ పిన్నమ్మ అనే కొత్త వేషం పుట్టించి, మగ్గం నేసే మా మరిదిని తీసుకున్నారు. చిన్నప్పటి నుంచీ తనకు వేషమంటే ప్రాణం. కట్టుకోవడానికి నా పెళ్లిచీర అడిగాడు.

"నేసింది నేనే కదా వదినా, నా చేతుల్లో యాడ చినుగుతాది?"

హిందూపురంలో తనను చూడగానే "పాత అత్త యాడప్పా?" అని అరిచారట. పెనుకొండలో సగం మంది శనక్కాయలు కొనుక్కోవడానికి లేచిపోయారట. నాటకం యజమాని తేల్చి చెప్పేశాడు: "ధర్మవరంలో గూడా జనం నగకపోతే మగ్గం కాడికే పోప్పా."

ధర్మవరంలో ఆట ఉన్న రోజు తను అన్నం ముట్టలేదు.

"జనం రాళ్లేస్తే?" అన్నాను.

"చీరకు తగలకుండా చూస్తాలే వదినా."

ఆ రాత్రి ఆటలో పిన్నమ్మ పోయిన అక్కను తలచుకొని ఏడవాలి. కళ్లు తుడుచుకోబోతూ చెంగు అంచున పోగు తెగి ఉండడం చూశాడు. అంతే, చెప్పాల్సిన మాట మరిచిపోయాడు. అక్కడే చతికిలబడి, చెంగు తొడమీద పరిచి, వేళ్లు తడి చేసుకొని ఆ పోగును మెలిపెట్టి అతకసాగాడు. జనంలో కూర్చున్న నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంక మగ్గమే అనుకున్నాను.

కూర్చున్నవాళ్లంతా నేతవాళ్లే. ఎవరో అరిచారు: "నిదానంగా అతుకు పిన్నమ్మా, మేం యాడికీ పోములే!"

జనం గొల్లుమన్నారు. తను తలెత్తి, ఆడగొంతుతో, "నగుతారేమప్పా, మీ ఇండ్లల్లో పోగులు తెగవా?" అన్నాడు.

ఆ తర్వాత ఆరేడేండ్లు ప్రతి ఆటలోనూ పిన్నమ్మ పోగు అతికింది. మెచ్చుకుంటే మాత్రం తను ఒకటే మాట అనేవాడు: "ఆ పెద్దాయన జాగా నాది కాదు వదినా. పక్కన ఇంత చాప పరుచుకున్నా, అంతే."

పోయిన నెల ఫోన్లో, "ఆ చీర ఉండాదా? ఒకసారి తెచ్చి చూపీ వదినా," అన్నాడు. బస్సులో రద్దీ, నా తలతిరుగుడు, వాన మబ్బు, ఏదో ఒక దిగులుతో రేపు మాపు అంటూ గడిపాను. చివరికి ఈ బుధవారం వస్తానన్నాను. "మాట తప్పొద్దు," అన్నాడు.

చీర సంచిలో పెట్టే ముందు చెంగు తడిమి చూశాను. కంటికి ఆనలేదు గానీ వేలికి ఆ అతుకు తగిలింది, గట్టిగానే ఉంది. బుధవారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకు ధర్మవరం పోతున్నాను.