బురద సీసాకు పిడికెడు ఇనుము

ఆ రోజుల్లో, అంటే పరిశోధన విద్యార్థినిగా అరకులో అద్దెకు దిగిన కొత్తలో, నేను కాస్త ఆలస్యంగా నిద్ర లేచినా లోకంలోని రోగులందరికీ నష్టమని గట్టిగా నమ్మేదాన్ని. చేసే పని మాత్రం వాగుల్లో బురద తవ్వి సీసాల్లో నింపడం. ఆ బురదలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఇనుమును లోపలికి తీసుకుని, ఒంట్లో కంటికి ఆనని అయస్కాంతాలు తయారుచేసుకుంటుంది. వాటికి మందు అంటించి, బయటి నుంచి అయస్కాంతంతో కణితి దగ్గరికి నడిపించవచ్చని మా మాస్టారి ఆశ. ఎన్ని వాగులు గాలించినా ఒకే ఒక్క సీసాలో అవి కనబడ్డాయి. అవి పెరిగితే సరే, లేకపోతే విశాఖ వచ్చేసి గాజుసామాను కడుక్కోమన్నారు మాస్టారు. (ఆయన మాట మీద నిలబడే మనిషి. నా భయమంతా అదే.)

ఇల్లు కొడవళ్ళ పిన్నిది. విజయనగరం వైపు నుంచి వచ్చి సంతలో కొడవళ్ళు అమ్మేది, సాన కూడా తనే పట్టేది. "ఏటే గుంటా, ఆ సీసాలో ఏటి పెంచుతన్నావు?" అని అడిగితే, "పురుగులు పిన్నీ, ఇనుము తింటాయి" అన్నాను. అంత చదువును అంత చిన్న మాటలో చెప్పేశానని మురిసిపోయాను కూడా.

మాస్టారు రైలు దిగి వచ్చిన ఉదయం, సీసా పక్కన అయస్కాంతం పెట్టాను. మామూలుగా గంటలు ఆగితే సన్నని మరక కడుతుంది. ఆ రోజు నల్లటి ముద్ద ఒక్క ఉదుటున వచ్చి గాజుకు అతుక్కుపోయింది! "కణితులకి మందు దొరికిందోచ్!" అని అరుస్తూ సంత జనం మధ్యకు పరిగెత్తాను. నా వెనకాలే మాస్టారు, ఒక కాలికే చెప్పుతో.

సంతలో కొడవళ్ళ ముందు కూర్చున్న పిన్ని తీరిగ్గా నవ్వింది. "తిన్నాయా? ఉత్త బురదనీళ్ళతో ఆటి కడుపు మాడ్సేత్తన్నావని, సాన పట్టిన పొడుం పిడికెడు ఏసినాను."

ముగ్గురం ఇంటికొచ్చి మైక్రోస్కోపులో చూస్తే, ఇనుప ముక్కలే తప్ప ప్రాణంతో కదిలేదేదీ లేదు. నాకు ఏడుపొచ్చేసింది. పిన్నికి అంతకన్నా ఎక్కువ వచ్చింది. "అజీర్తి సేసిందేటి బాబూ?" అని మాస్టారిని అడిగింది. నన్ను తిట్టడానికి నోరు తెరిచిన మనిషి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వారు. "ఇంకో సీసా వెతుకమ్మా. ఈసారి వాటికి ఉపవాసమని పిన్నికి చెప్పు" అన్నారు.

వెతికాను, దొరికాయి. ఇప్పుడు వాటిని స్టీలు ట్యాంకుల్లో పెంచుతున్నాను. మంచి ఫలితం వస్తే పట్టికలో రాసుకుని, మళ్ళీ సరిచూసుకుని, టీ తాగుతాను. వీధిలోకి మాత్రం పరిగెత్తను. ఆ పిచ్చిపిల్లలా ఒక్కసారి అరవాలని ఎంత ఉంటుందో!